గోడకు చెప్పిన మాట

మొన్న సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు వస్తున్న బస్సులో నా ముందు సీట్లో భార్యాభర్తలు కూర్చున్నారు. ఇద్దరి మధ్య బడి సంచీతో ఒక పాప. కిటికీ మూయమని మీ డాడీకి చెప్పు అంది తల్లి. పాప ఇటు తిరిగి చెప్పింది. ఉడకపోస్తోందని మీ మమ్మీకి చెప్పు అన్నాడు తండ్రి. పాప అటు తిరిగి చెప్పింది. ఇస్నాపూర్ దాటేదాకా ఇదే వరస. వెనక కూర్చున్నవాళ్లు నవ్వుకుంటున్నారు. పాపకు కూడా అది ఆటలాగే ఉన్నట్టుంది, తల అటూ ఇటూ తిప్పుతూ శ్రద్ధగా మాటలు మోస్తోంది.

నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పటాన్‌చెరులో వాళ్లది మేడ ఉన్న ఇల్లు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు అక్కడికి వెళ్తే, ఆ పాప చేసిన పని నేను చేసేదాన్ని. పెద్దమ్మ పెద్దనాయనతో మాట్లాడదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆయన తెచ్చింది ఆవిడ వండుతుంది, ఆవిడ వండింది ఆయన తింటాడు. చుట్టాల పెళ్లిళ్లకు కలిసే వెళ్తారు, కలిసే వస్తారు. మాట మాత్రం లేదు. ఇది అందరి ఇళ్లలో ఉండే అలక కాదని నాకు చాలా పెద్దయ్యేదాకా తెలియలేదు. కొందరిళ్లలో బావి ఉంటుంది, కొందరిళ్లలో మేక ఉంటుంది, పెద్దమ్మ ఇంట్లో ఇది ఉంటుంది అనుకున్నాను.

ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట మొదలుపెట్టే ముందు వంటింటి గడపలో నిలబడి, కొంగు నడుముకు చెక్కుకుని, ఒకసారి గొంతు సవరించుకునేది. పెద్దనాయన ఎదురుగా మంచం మీదే ఉండేవాడు. ఆయన కేసి చూడకుండా నా కేసి చూసి, రొట్టెలైనయని మీ పెద్దనాయినకు చెప్పు బిడ్డా అనేది. నేను ఆయన వైపు తిరిగి గట్టిగా అరిచేదాన్ని. పిల్లలం కదా, మెల్లగా మాట్లాడటం మాకు రాదు. వస్తున్ననని చెప్పు అనేవాడాయన. ఒక్కోసారి ఆ మాటలు మరీ పొడిగా ఉన్నాయనిపించి నేను కొంచెం కలిపేదాన్ని. పప్పు మస్తుగున్నదట పెద్దమ్మా అని చెబితే ఆవిడ గరిటె ఆపి నా మొహం చూసేది. గంత మాట ఆయన నోట్లకెళ్లి రాదు, నువ్వే అన్నవ్ అనేది. అంటూనే ఇంకో గరిటెడు పప్పు గిన్నెలో వేసి, పోయి ఇచ్చిరా అని పంపేది.

ఇంట్లో మూడో మనిషి లేనప్పుడు గోడ ఉండేది. వంటింటికీ ముందుగదికీ మధ్య గోడ. దాని మీద అరచెయ్యి ఆనించి చెప్పేది. ఈ గోడకు చెప్తున్న, గ్యాసు అయిపోవస్తున్నది. ఈ గోడకు చెప్తున్న, రేపు నాకు ఒక్కపొద్దు, సుట్టాలొస్తే వాళ్లకు కోడికూర హోటల్ల తినిపియ్యమను. చెయ్యి ఆనించి ఆనించి అక్కడ సున్నం నున్నబడి, నల్లగా మెరిసేది. ఇల్లంతా రంగులు వేయించినప్పుడు కూడా ఆ చోటు మళ్లీ త్వరగానే మాసిపోయింది.

ఎందుకు మాట్లాడదో మా అమ్మ చెప్పింది. పెద్దమ్మ తన నోటితో ఎప్పుడూ చెప్పలేదు. కిష్టారెడ్డిపేట దిక్కున ఆవిడకు తల్లిగారు పెట్టిన చిన్న చెలక, వానకు పండే మెట్ట చేను, ఉండేది. ఇచ్చింది బిడ్డకే అయినా పట్టా అల్లుడి పేర చేయించారు. ఆ రోజుల్లో అదే మర్యాద అనుకునేవాళ్లు. పెద్దనాయన ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. చెలక మొత్తం ఆవిడే చూసుకునేది. జొన్న వేసేది, గట్ల వెంబడి అనప చిక్కుడు వేసేది. అనపకాయ కాపుకొచ్చిన రోజుల్లో ఒకనాడు గంప పట్టుకుని వెళ్తే అక్కడ చెలక లేదు. నేలంతా చదును చేసి, సున్నం కొట్టిన రాళ్లు పాతి ఉన్నాయి. ప్లాట్లు. మిషన్ నడుపుతున్నవాడు, ఎవరమ్మా నువ్వు, పక్కకు జరుగు అన్నాడట.

ఖాళీ గంపతో ఇంటికొచ్చింది. అన్నం వండింది. పెద్దనాయన షిఫ్టు దిగి రాగానే పళ్లెం పెట్టింది. ఎందుకు అమ్మినవని అడగలేదు. ఆ పూట నుంచి ఆయనతో మాట లేదు.

ఆయన చెడ్డవాడని అనలేను. మాటలు తక్కువ మనిషి. చుట్టుపక్కల అందరూ అమ్ముతున్నారు, అమ్మకపోతే రోడ్డుకు పోతుందని ఎవరో భయపెట్టారు, అమ్మేశాడు. చెప్తే ఒప్పుకోదని చెప్పలేదు. ఆ వచ్చినదాంతోనే పటాన్‌చెరులో మేడ కట్టించాడు. ఇల్లు చూశాక కోపం పోతుందనుకున్నాడేమో. పోలేదు. ఆవిడ ఆ ఇంటిని మా ఇల్లు అనడం నేను వినలేదు. ఎప్పుడూ 'ఈ ఇల్లు' అనేది. కిరాయికి దిగినవాళ్లలాగా, రేపో మాపో ఖాళీ చేసేవాళ్లలాగా.

వాళ్లకు ఒక్కతే కూతురు. నాకంటే పెద్దది, అక్క అంటాను. అక్క పెళ్లయి జహీరాబాద్ వెళ్లిపోయింది. కొన్నేళ్లకు నా పెళ్లయింది. మా ఆయనకు పటాన్‌చెరులోనే మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. నేను ప్రైవేటు బడిలో పిల్లలకు లెక్కలు చెప్తాను. వేరే ఎక్కడో ఎందుకు, పైన ఖాళీగానే ఉంది కదా అని పెద్దమ్మ వాళ్ల మేడ మీద దిగాం. అలా నేను మళ్లీ మాటలు మోసే పనికొచ్చాను. ఈసారి ఆటలా లేదు. పొద్దున బడికి వెళ్తూ దిగేటప్పుడు ఓ నాలుగు మాటలు అటూ ఇటూ అందించడం, పాలు పోయించుకున్నట్టు, రోజువారీ పనుల్లో కలిసిపోయింది.

అప్పుడు కరోనా వచ్చింది.

అందరి ఇళ్లలో లాగే మా ఇంట్లోనూ చిన్న చిన్న మార్పులు మొదలయ్యాయి. గేటు పక్కన బకెట్టూ సబ్బూ వచ్చాయి. పాల ప్యాకెట్లను పెద్దమ్మ సర్ఫు నీళ్లతో కడిగి దండెం మీద బట్టల్లాగా ఆరేసేది. టమాటాలు ఉప్పునీళ్లలో మునిగేవి. పాత వాయిల్ చీర చింపి మా అందరికీ మాస్కులు కుట్టింది, అన్నీ ఒకే పూల డిజైను. మా ఆయన ఫ్యాక్టరీ మాత్రం ఆగలేదు. రోజూ వందలమందిలోకి వెళ్లి వచ్చే మనిషి. అందుకని పెద్దమ్మే ఒక నియమం పెట్టింది. పైవాళ్లు కిందికి రావద్దు, బయటి మెట్ల మీద నుంచే పోవాలి, కిందివాళ్లు పైకి రావద్దు. నియమం పెట్టింది కానీ మేం ఎలా తింటామో అన్న బెంగ పోలేదు. ఒక గంపకు తాడు కట్టి మా బాల్కనీ రెయిలింగుకు వేయించింది. పొద్దున గంపలో జొన్నరొట్టెలు పైకి వచ్చేవి. సాయంత్రం ఆయనకు బీపీ మాత్రలు, ఆవిడకు కషాయం దినుసులు కిందికి దిగేవి. గంప పైకి లాగేటప్పుడు ఆవిడ కింద నిలబడి, మెల్లగ, మెల్లగ అంటూ రెండు చేతులూ చాపి ఉండేది, నేనేదో పసిపిల్లను లాగుతున్నట్టు.

ఇదంతా సరే. ఇంకో మార్పు ఎవరూ అనుకోనిది. వాళ్లిద్దరి మధ్య మనిషి లేకుండా పోయాడు. నేను పైన. అక్క జహీరాబాద్‌లో. పాలతను గేటు బయటే ప్యాకెట్ పెట్టి పోతాడు. పొరుగువాళ్లు తలుపులు తీయరు. ఇక మిగిలింది గోడ ఒక్కటే.

బాల్కనీలో కూర్చుని ఫోన్లో పిల్లలకు పాఠం చెప్తుంటే కింది నుంచి ఆవిడ గొంతు వినబడేది. ఈ గోడకు చెప్తున్న, చాయ్ సల్లారుతున్నది. ఈ గోడకు చెప్తున్న, నల్లా బంద్ చెయ్యలే. పొద్దస్తమానం గోడకే చెప్పాల్సి రావడంతో గొంతులో విసుగు ఎక్కువైంది. లోపల టీవీ పెద్దగా మోగుతుండేది. గంప దగ్గరికి వచ్చినప్పుడు నాతో మొరపెట్టుకునేది. నేను చెప్పంగనే టీవీ ఇంక పెద్దగ పెడ్తడు, ఇన్నేండ్లయినా పంతం పోలేదు సూడు అనేది. పళ్లెం చప్పుడు చేస్తే మటుకు లేచి వస్తాడట. తిండి దగ్గర పంతం లేదట.

మంగలి షాపులు మూసి చాలా రోజులైంది. పెద్దనాయన జుట్టు చెవుల మీదికి దిగింది. ఎండలు ముదిరాయి. మెడ మీద చెమటకాయలు లేచి గోక్కుంటూ ఉండేవాడు. ఒక పొద్దున వాకిట్లో పీట వేసుకుని, భుజాల మీద తువ్వాలు కప్పుకుని, గోడకు అద్దం ఆనించి తనే కత్తెర పట్టుకున్నాడు. నేను బట్టలు ఆరేస్తూ పైనుంచి చూస్తున్నాను. రెండుసార్లు ఆడించాడో లేదో చెవి అంచు తెగింది. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఒక్క మాట లేకుండా ఆయన చేతిలో కత్తెర తీసుకుని వెనక నిలబడింది. ఆయన తువ్వాలు సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

పక్కలకు కత్తిరించింది. వెనక మెడ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. గొంతు సవరించుకుని ప్రహరీ కేసి చూస్తూ, ఈ గోడకు చెప్తున్న, తల వంచితేనే కత్తెర ఆడుతది అంది. ఆయన వంచలేదు. అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ చెప్పింది. కదల్లేదు. ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. నేను చెప్దామని నోరు తెరిచేలోగా ఏమనుకుందో, ముందుకు వంగి ఆయన చెవి దగ్గర మామూలు గొంతుతో అంది.

"తల వంచు."

నేను పుట్టి పెరిగి పెళ్లి చేసుకున్న ఇన్నేళ్లలో ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడటం వినడం అదే మొదటిసారి. తడి బట్ట చేతిలోనే ఉండిపోయింది. ఆయన మాత్రం అలాగే కూర్చున్నాడు. తల వంచలేదు, వెనక్కి తిరగలేదు.

పెద్దమ్మ మొహం ఎర్రబడింది. కత్తెర పట్టుకునే చుట్టూ తిరిగి ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"తల వంచమంటున్న. ఇనొస్తలేదా?"

ఆయన ఆవిడ నోటి వంక చూశాడు. తర్వాత కళ్లలోకి చూశాడు.

"ఇనొస్తలేదు," అన్నాడు.

పంతంగా అన్న మాట కాదది. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు. ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే కుడిచెవి మీద వేలు పెట్టి, ఇది మొత్తమే పోయింది అన్నాడు. ఎడమది జెర జెర వినొస్తుందట, దగ్గరికొచ్చి గట్టిగా అంటే. బాయిలర్ దగ్గర పని చేసినప్పటి నుంచే మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందట. ఎవరికీ చెప్పలేదట. ఎవరికి చెప్పాలె అన్నాడు.

ఆవిడ మళ్లీ వెనక్కి వెళ్లి ఎడమచేత్తో ఆయన తల పట్టుకుని మెల్లగా వంచి, వెనక జుట్టు కత్తిరించడం పూర్తి చేసింది. మెట్లు మెట్లుగా వచ్చింది. ఆయన అద్దంలో చూసుకుని, సల్లగైంది అన్నాడు. ఆవిడ ఊడ్చి, వెంట్రుకలు చేటలోకి ఎత్తి లోపలికి పోయింది. ఆ రోజు గోడతో కూడా మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం బయటి మెట్ల కిందికి వచ్చి నన్ను పిలిచింది. నేను పై మెట్టు మీద, ఆవిడ కింది మెట్టు మీద కూర్చున్నాం. మాస్కు గడ్డం మీదికి లాక్కుంది. ఆయనకు వినరాదని నీకు తెలుసా అని అడిగింది. నాకు తెలియదు. సాయంత్రం ఫోన్ చేస్తే అక్కకూ తెలియదు. మేమందరం ఆయనతో చిన్నప్పటి నుంచి అరిచే మాట్లాడాం. మాటలు మోసేవాళ్ల గొంతు పెద్దదే ఉంటుంది కదా. టీవీ పెద్దగా పెడితే పెద్దవాళ్లు అంతే అనుకున్నాం. భార్య ఒక్కతే మామూలు గొంతుతో, గోడ కేసి తిరిగి చెప్పింది. అది ఒక్కటే ఆయనకు చేరలేదు.

పెద్దమ్మ మెట్టు మీది దుమ్ము వేలితో గీస్తూ కూర్చుంది. గోడకు చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టుంది. గ్యాసూ నీళ్లూ అయితే ఏముంది అంది. అక్క పెండ్లయిన తెల్లారి ఒక మాట చెప్పిన అంది. అంతకంటే చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ మాట ఏమిటో నాకు కొన్ని రోజుల తర్వాత తెలిసింది. నాకే కాదు, గల్లీ మొత్తానికీ తెలిసింది. ఎందుకంటే అప్పటికి ఆవిడ ఆయనతో అరిచి మాట్లాడటం నేర్చుకుంది. ఇద్దరూ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నారు. నేను బాల్కనీలో ఉన్నాను. ఆవిడ కాయలు పక్కన పెట్టి, పీట ఆయన ఎడమవైపుకు జరుపుకుంది. అక్కను పంపించిన తెల్లారి నువ్వు డ్యూటీకి పోతూ బూట్లు కట్టుకుంటుంటే నేను గోడకు చెప్పింది వినలేదా అని అడిగింది. ఏం చెప్పినవ్ అన్నాడాయన. ఆవిడ గొంతు పెంచింది. కొన్ని మాటలు మెల్లగా చెప్పుకోవాల్సినవి. వాటిని అంత గట్టిగా చెప్పాల్సి రావడం ఆవిడకు ఎంత కష్టమైందో ఆ మొహం చూస్తే తెలిసింది. అయినా చెప్పింది.

"గోడా, ఆయనకు చెప్పు, నీ చెలక నిన్నడగకుంట అమ్మిన, తప్పయింది అని ఒక్కసారి అంటే సాలు, ఇగ మాట్లాడుత, అన్న. నువ్వు బూట్లు కట్టుకోని ఎల్లిపోయినవ్."

పెద్దనాయన చేతిలో కాయ అలాగే ఉంది.

"ఇన్లే," అన్నాడు చివరికి. "ఇనుంటే గప్పుడే అంటుంటి."

ఆయన ఈనె తీసి, కాయ తుంచి గిన్నెలో వేశాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు, తప్పయింది అని. చెవిటివాళ్ల గొంతు వాళ్లకు తెలియదు కదా, చాలా గట్టిగా వచ్చింది. ఎదురింటావిడ తలుపు తీసి చూసి మళ్లీ వేసుకుంది. పెద్దమ్మ లేచి లోపలికి వెళ్లింది. చాలాసేపు గిన్నెలు తోమిన చప్పుడు. కడిగిన గిన్నెలనే మళ్లీ కడుగుతోందని తర్వాత నాతో తనే చెప్పింది.

ఆ తర్వాత మా గల్లీలో అందరికంటే గట్టిగా సంసారం చేసింది వాళ్లే. పెద్దమ్మ ఏం వండుతుందో, ఆయనకు మోకాలు ఏ పక్క నొస్తుందో అందరికీ తెలిసేది. ఆయన చాయ్ పెట్టడం నేర్చుకున్నాడు. చక్కెర పాకంలా ఉండేది. ఆవిడ తిట్టుకుంటూ తాగేది, మర్నాడు మళ్లీ పెట్టమనేది. టీవీ మాత్రం బాగా తగ్గింది. పొద్దుగూకే వేళ వాకిట్లో రెండు పీటలు పడేవి. ఏదో ఒకటి ఒలుస్తూ మాట్లాడుకునేవాళ్లు. కొత్త ముచ్చట్లు కావు, అన్నీ పాతవే. ఆవిడకు ఆయన ఫ్యాక్టరీ గురించి ఏమీ తెలియదు. తనతో పనిచేసిన ఒక మనిషి ప్రమాదంలో పోతే, ఆయన ఇంటికొచ్చి ఎవరితోనూ చెప్పకుండా రొట్టె తిని పడుకున్నాడట. ఆ సంగతి ఇప్పుడు చెప్పాడు. ఆయనకు అక్క చిన్నప్పటి టైఫాయిడ్ గురించి సగమే తెలుసు. మిగతా సగం ఆవిడ ఇప్పుడు చెప్పింది. జరిగిన వరసలో, ఏడాది తర్వాత ఏడాది, విడిచిపెట్టకుండా చెప్పుకుంటూ వస్తున్నారు. నేను గంప దించుతూ ఎక్కడిదాకా వచ్చిన్రు పెద్దమ్మా అని అడిగేదాన్ని. యాడ, ఇంక అక్క చదువుకాడనే ఉన్నం అనేది.

సంతోషంగా ఉన్నావా అని నేనెప్పుడూ అడగలేదు. ఉన్నట్టే కనిపించేది. కానీ ఒక్కోసారి మెట్ల దగ్గర కూర్చున్నప్పుడు ఆ మొహం వేరుగా ఉండేది. కోపపడటం తప్పు కాదు అనేది. నా చెలక పోయినప్పుడు నాకు కోపం రావాల్సిందే, వచ్చింది అనేది. "గని ఆయన మొఖం మీద అనాల్సిన మాట గోడ మీద అన్న బిడ్డా. ఎదురుగ నిలవడి కొట్లాడితే ఒక్కపొద్దుల తెగుతుండె. మంచిగున్న కాలమంత గట్లనే పోయింది. ఇప్పుడు ఆయనకు చెవుల్లేవు, నాకు గొంతు లేదు." అప్పటికే అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. పొద్దున తులసాకు వేసిన వేడినీళ్లు తాగి, సాయంత్రం మళ్లీ అరవడానికి సిద్ధమయ్యేది.

మరుసటి ఎండాకాలం కరోనా రెండోసారి వచ్చింది. అప్పటికి అందరం కొంచెం ధైర్యపడ్డాం. గంప తీసేశాం. నేను కిందికి వెళ్లి వస్తున్నాను. ముందు పెద్దనాయనకు దగ్గు వచ్చి నాలుగు రోజుల్లో తగ్గింది. తర్వాత పెద్దమ్మకు జ్వరం పట్టుకుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలియదు, వెతికి లాభమూ లేదు. వేలికి పెట్టిన మిషన్‌లో అంకె రోజురోజుకూ దిగింది. అంబులెన్సులో సంగారెడ్డి దవాఖానకు తీసుకెళ్లారు. ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఎక్కేటప్పుడు ఏదో అంది. మాస్కులో నుంచి నాకే సరిగా వినబడలేదు.

అక్కా బావా జహీరాబాద్ నుంచి వచ్చి దవాఖాన బయట చెట్టుకింద కారులోనే ఉండేవాళ్లు. లోపలికి ఎవరినీ పోనిచ్చేవాళ్లు కాదు. అక్క బతిమాలితే ఒక నర్సు ఫోన్ పట్టుకుని చూపిస్తానని ఒప్పుకుంది. ఆ సాయంత్రం నా ఫోన్ తీసుకుని కిందికి వెళ్లాను. పెద్దనాయన వాకిట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. తెర మీద పెద్దమ్మ కనిపించగానే ఫోన్ లాక్కుని ఎడమ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. అక్కడ ఆవిడకు ఆయన చెవి తప్ప ఏమీ కనిపించి ఉండదు. నేను ఫోన్ ఆయన మొహానికి ఎదురుగా పట్టుకున్నాను. ఇప్పుడు ఆవిడ కనిపిస్తోంది, మాట వినబడదు.

నర్సు ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపింది. పెద్దమ్మకు ఇప్పుడు అరిచే శక్తి లేదు. గొంతు దారంలాగా ఉంది. నేను ఆవిడ మాట విని ఆయన చెవిలో చెప్పబోతే చెయ్యి ఎత్తి నన్ను ఆగమంది. ఆయనతోనే మాట్లాడింది. ఆయన ఆవిడ పెదవులు చూస్తూ ప్రతి మాటకూ ఆఁ, ఆఁ అన్నాడు. మంచం కింద పచ్చి మామిడికాయలున్నాయి, పండబారకముందే మేడ మీది పిల్లకు చెప్పి పచ్చడికి కోయించు అంది. ఆఁ. చాయ్‌లో చక్కెర తగ్గించు అంది. ఆఁ. పక్క మంచం ఆమెది కంది ఊరట, ఆమె కొడుకు కూడా బాయిలర్ దగ్గరనే చేస్తాడట అంది. ఆఁ అన్నాడు. నర్సు ఇక చాలమ్మా అన్నట్టు మాస్కు పట్టుకుంది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపి, ఇంకొక్క మాట చెప్పింది.

"ఇంక మస్తు ముచ్చట్లున్నయ్. వచ్చినంక చెప్త."

తెర ఆగిపోయింది. పెద్దనాయన నా వైపు తిరిగి, ఏమన్నది అని అడిగాడు. నేను ఆయన ఎడమవైపు కూర్చుని, ఆవిడ చెప్పిన వరసలోనే అన్నీ చెవిలో చెప్పాను. మామిడికాయలు, చక్కెర, పక్క మంచం ఆమె. చివరి మాట కూడా చెప్పాను. ఏం ముచ్చట్లట అన్నాడు. చెప్పలేదు పెద్దనాయినా అన్నాను.

పెద్దమ్మ తిరిగి రాలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున అక్క ఫోన్ చేసింది. మనిషిని ఇంటికి తేనీయలేదు. అక్కడి నుంచే తీసుకెళ్లారు.

పెద్దనాయన ఇప్పుడూ ఆ ఇంట్లోనే ఉన్నాడు. అక్క తనతో రమ్మంటే పోలేదు. మేం పైనే ఉంటున్నాం. ఎడమ చెవి కూడా బాగా తగ్గింది. సాయంత్రాలు నేను బడి నుంచి వచ్చి కాసేపు ఆయన దగ్గర కూర్చుంటాను. అప్పుడప్పుడు నా చెయ్యి తట్టి, గా పొద్దు మీ పెద్దమ్మ ఏమన్నది, ఇంకోపారి చెప్పు అంటాడు. నేను మొదటి నుంచి చెప్తాను. తెలిసిన మాటలే అయినా శ్రద్ధగా వింటాడు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి తల ఊపి, ఏం ముచ్చటై ఉంటది అంటాడు. అక్క పురుటి ముచ్చటేమో అంటాడు ఒకరోజు. చెల్లె ముచ్చటేమో, అంటే మా అమ్మ గురించేమో, అంటాడు ఇంకో రోజు. నాకు తెలియదు.

బస్సులో చూసిన పాప సంగతి చెప్దామని నిన్న వెళ్లి కూర్చున్నాను. నేను మొదలుపెట్టకముందే ఆయన అడిగాడు. మళ్లీ అంతా చెప్పాను. ఈసారి ఏం ముచ్చటై ఉంటదని అనలేదు. వాకిలి కేసి చూస్తూ ఆ పెద్ద గొంతుతోనే అన్నాడు.

"నాకు గూడ ఒకటి చెప్పేది ఉండె."